క్వయర్ ప్రాక్టీస్ ట్రాక్‌లకు ఏఐ గొంతు: చాలాకాలం వాడాక నా మాట

మా క్వయర్‌లో నోటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చూసి పాడగలిగేవాళ్ళు తక్కువ, విని పట్టుకునేవాళ్ళే ఎక్కువ. ఇదివరకు ఒక్కో పార్టూ (సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని పై గొంతు నుంచి కింది గొంతు దాకా ఒక్కో గుంపు పాడే వరస) పియానో మీద వాయించి, రికార్డు చేసి పంపేవాణ్ణి. స్వరం తెలిసేది కానీ ఏ అక్షరం ఏ స్వరం మీద పడాలో తెలిసేది కాదు. ఏఐ గొంతుతో పాడించే సాఫ్ట్‌వేర్‌కు మారింది అందుకే. మొహమాటం లేకుండా చెప్పాలంటే, పాట నేర్పడానికి ఇది బ్రహ్మాండం, కూర్చుని వినడానికి అంతంతమాత్రం. నాకు కావలసింది మొదటిదే.

గొంతును కంప్యూటర్‌తో పాడించడం కొత్తేం కాదు. యమహా వారి వొకలాయిడ్ 2004లోనే వచ్చింది. అప్పట్లో రికార్డు చేసిన గొంతు ముక్కలను అతికించేవారు. ఇప్పుడు సింథసైజర్ వి లాంటి సాఫ్ట్‌వేర్‌లు న్యూరల్ నెట్‌వర్క్‌తో (ఏఐ పద్ధతిలో) పాడిస్తాయి కాబట్టి స్వరం నుంచి స్వరానికి జారడం సహజంగా ఉంటుంది. పని కూడా సులువే. నేను మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత నోటేషన్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు పార్టులూ రాసి, మిడి ఫైళ్ళుగా (శబ్దం కాకుండా స్వరాల వివరాలుండే ఫైళ్ళు) తీసి, ఒక్కోదానికీ ఒక గొంతు ఇచ్చి సాహిత్యం టైపు చేస్తాను. సింథసైజర్ విలో ఒకే అక్షరాన్ని తర్వాతి స్వరానికి సాగదీయాలంటే '-' కొట్టాలి, ఇంగ్లీష్ మాటలో తర్వాతి సిలబుల్‌కు వెళ్ళాలంటే '+'. ఈ రెండూ అలవాటైతే సగం పని అయినట్టే. టెనర్‌ను మాత్రం ఓసారి విని చూసుకోండి. మామూలు ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాలకు వాడే నోటేషన్ గుర్తు) రాసి ఉంటే ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన పాడేస్తుంది, టెనర్లు కంగారు పడతారు.

నాకు బాగా కలిసొచ్చింది మార్పులు చేసుకునే వీలు. కండక్టర్ వచ్చి "ఇక్కడ ఊపిరి తీయొద్దు, చివరి 's' నాలుగో బీట్ అయ్యాకే పడాలి" అంటే ఆ బార్ (తాళంలో ఒక ఆవృతం) ఒక్కటీ సరిచేసి మళ్ళీ పంపేస్తాను. అదే మనిషి పాడిన రికార్డింగైతే మళ్ళీ ఆయన్ను బతిమాలుకోవాలి. వైబ్రాటో మాత్రం ముందే బాగా తగ్గించేస్తాను. లేకపోతే ఆల్టోలందరూ ఆ వణుకునే నేర్చుకుని వస్తారు.

ఒక్కొక్కరికి మూడు ట్రాక్‌లు ఇస్తాను. మొదటిదాంట్లో వాళ్ళ పార్టు గట్టిగా, మిగతావి పది డెసిబెల్స్ దాకా కిందికి. రెండోది నాలుగూ సమానంగా. మూడోదాంట్లో వాళ్ళ పార్టు అసలు ఉండదు. మూడోది ఎవరికీ నచ్చదు, కానీ పాట నిజంగా వచ్చిందో లేదో తేలేది అక్కడే. ట్రాక్ మొదట్లో ఒక బార్ పాటు తాళం క్లిక్‌లు, మొదలెట్టాల్సిన స్వరం తప్పకుండా పెట్టండి. బాస్ వాళ్ళకు ఇయర్‌ఫోన్స్ వాడమని చెప్పండి. వాళ్ళ కింది స్వరాలు 82 హెర్ట్జ్ దాకా దిగుతాయి, ఫోన్ స్పీకర్‌కు అంత కిందికి పలికే శక్తి లేదు.

శృతి దగ్గర ఒక పేచీ ఉంది. సాఫ్ట్‌వేర్ పియానోలాగే మేజర్ థర్డ్‌ను (స నుంచి అంతర గాంధారం దాకా ఉండే దూరం) 400 సెంట్ల దగ్గర పాడుతుంది (సెంటు అంటే శృతిని కొలిచే చిన్న కొలత, ఆక్టేవ్‌కు 1200). మనుషులు ఒకరినొకరు విని పాడితే అది 386 దగ్గర కుదురుకుని కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) మోగుతుంది. ఆ మోత ట్రాక్‌లో ఉండదు. అందుకే స్వరాలు వచ్చేశాక మొదటి ట్రాక్ వినడం మానేయమంటాను. కొందరు వినరు, రిహార్సల్‌లో పక్కవాళ్ళను వదిలేసి తలలో ఉన్న ట్రాక్‌తోనే పాడుతుంటారు.

ఇక తెలుగు పాటల సంగతి. నేను వాడేదాంట్లో తెలుగు లేదు. వేరే భాష ధ్వనులతో సర్దుకోబోతే 'ళ' కాస్తా 'ల' అవుతుంది, 'ణ' కాస్తా 'న' అవుతుంది, వత్తులు తేలిపోతాయి. అలాంటి పాటలకు సాఫ్ట్‌వేర్‌తో 'లా లా' అని స్వరం మాత్రం పాడించి, సాహిత్యాన్ని తాళానికి తగ్గట్టు ఎవరిచేతనైనా చదివించి వేరే ఫైల్‌గా పంపుతున్నాను. మీ క్వయర్ పాడేవన్నీ తెలుగే అయితే దీనికి డబ్బు పెట్టొద్దు. ఇంగ్లీష్ పాటలు కూడా ఉంటే ముందు ట్రయల్ వెర్షన్‌లో ఒక పాట పూర్తిగా చేసి చూడండి. అరేంజ్‌మెంట్ కాపీరైట్‌లో ఉంటే పబ్లిషర్ అనుమతి తీసుకోవడం మరిచిపోకండి.