పూల లోయ యాత్ర ప్యాకేజీ: ధరలో లేని ఒక రోజు

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న పూల లోయ జాతీయ ఉద్యానవనాన్ని ఏటా జూన్ 1న తెరిచి అక్టోబర్ 31న మూసివేస్తారు. బదరీనాథ్ దర్శనానికి మే, జూన్ నెలల్లో వెళ్లే మనవాళ్లు చాలామంది ఎలాగూ అటే వెళ్తున్నాం కదా అని లోయను కూడా అదే ప్రయాణంలో కలుపుకోవాలని చూస్తారు. అయితే జూన్‌లో అక్కడి వాగుల్లో మంచు ఇంకా పేరుకునే ఉంటుంది, పూలు అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలవుతుంటాయి. లోయ నిండుగా పూసేది జూలై సగం నుంచి ఆగస్టు సగం వరకు, అంటే సరిగ్గా నడి వానాకాలంలో. ఆ పూలకు ప్రాణం పోసే వానలే రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా ఉన్న సుమారు 250 కిలోమీటర్ల కొండదారి మీద చరియలు విరిగిపడటానికీ కారణమవుతాయి. కాబట్టి ఈ యాత్రకు ప్యాకేజీ కొనేవారు ధరకన్నా ముందు, దారి మూసుకుపోతే ఆ ఖర్చు ఎవరిదో అడిగి తెలుసుకోవాలి.

మేము హరిద్వార్‌లోని ఒక ట్రెక్కింగ్ సంస్థ ద్వారా ఆగస్టు మొదటి వారంలో వెళ్లాం. హరిద్వార్ నుంచి తిరిగి హరిద్వార్ చేరేవరకు ఆరు రోజులకు తలకు 11,000 రూపాయలు తీసుకున్నారు. వాహనం, జోషీమఠ్‌లోనూ లోయకు దగ్గరి ఊరైన ఘాంఘరియాలోనూ బస, ఉదయం ఫలహారం, రాత్రి భోజనం, ప్రవేశ రుసుము, గైడు అందులోనే వచ్చాయి. సామాను మోసే గుర్రం, మధ్యాహ్న భోజనం, దారి మూసుకుపోతే అదనంగా ఉండవలసిన రాత్రుల బస మాత్రం మన ఖర్చే. ఈ ఆఖరి షరతును రసీదు అడుగున చిన్న అక్షరాల్లో వేశారు, ఫోనులో మేము గుచ్చి అడిగేవరకు దాని ఊసే ఎత్తలేదు. ఆగస్టులో ఆ దారి మూసుకుపోవడం అరుదైన సంగతేమీ కాదు గనుక, ఆ షరతు ధరతో పాటే చెప్పవలసినదని నా గట్టి అభిప్రాయం.

సేవ విషయానికి వస్తే గైడు పనితనం చాలా బాగుంది. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా వరకు జీపులో వెళ్లి, అక్కడి నుంచి ఘాంఘరియాకు దాదాపు 10 కిలోమీటర్లు ఎక్కాలి. ఉద్యానవనంలో రాత్రి బసకు అనుమతి లేదు, గుర్రాలనూ లోపలికి రానివ్వరు. అందువల్ల అందరూ ఘాంఘరియాలోనే దిగి, ఉదయాన్నే నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. లోయకు ఒక రోజు, సిక్కుల పుణ్యక్షేత్రమైన హేమకుండ్ సాహిబ్‌కు ఒక రోజు అని ప్యాకేజీలో రాసి ఉన్నా, ఏది ముందో గైడు ముందురోజు రాత్రి ఆకాశం చూసి, చెక్‌పోస్టు సిబ్బందిని విచారించాకే తేల్చాడు. వాన ఎక్కువైతే సిబ్బంది గేటు దగ్గరే ఆపేస్తారు గనుక ఇలా అటూ ఇటూ మార్చుకునే వీలు ఉండటం ఎంతో అవసరం.

లోయలో అతడు ఎవరినీ తొందరపెట్టలేదు. ఉద్యానవనం 87 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నా యాత్రికులకు దాదాపు ఒక్క కాలిబాటే దారి. ఆ బాటకు రెండు వైపులా గులాబీ రంగు బాల్సమ్ నడుము ఎత్తున పెరిగి ఉంది. ఒక బండ పక్కన నీలి గసగసాల మొక్కను చూపించి, ముట్టుకోకుండా చూడమన్నాడు. కాండం నిండా సన్నని ముళ్లు, వాటిపైన పట్టులాంటి నీలి రేకులు, నడుమ పసుపు కేసరాలు, రేకుల అంచున జారకుండా నిలిచిన వాన చుక్కలు. అంత దూరం వెళ్లింది ఆ పువ్వు కోసమేనన్నా నాకు అతిశయోక్తి అనిపించదు.

బస సంగతి సాధారణం. గది చిన్నది, దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, వేడి నీళ్లకు బకెట్టు లెక్కన డబ్బు ఇవ్వాలి. ఆ ఎత్తులో సామానంతా మనుషుల వీపుల మీద, గుర్రాల మీద రావాలి గనుక దాన్ని లోపంగా లెక్కపెట్టను.

బడ్జెట్‌లో అసలు బరువు ప్యాకేజీది కాదు. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు రానుపోను విమాన టికెట్లు ఆలస్యంగా కొంటే, ఒక్కొక్కరికి ప్యాకేజీ ధరంత పడవచ్చు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్లి అక్కడి నుంచి హరిద్వార్ చేరితే ఖర్చు బాగా తగ్గుతుంది, సెలవులు మాత్రం ఎక్కువ కావాలి. ఎలా వెళ్లినా తిరుగు టికెట్టును ప్యాకేజీ ముగిసే రోజుకు కాకుండా కనీసం ఒక రోజు తర్వాతకు తీసుకోవాలి. మా తిరుగు ప్రయాణంలో రుద్రప్రయాగ, శ్రీనగర్‌ల (కశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌లోని ఊరు) మధ్య చరియలు పడి వాహనాలు గంటల తరబడి నిలిచిపోయాయి. రాత్రివేళ కొండదారిలో బండ్లను వదలరు గనుక ఆ రాత్రి దారిలోనే ఆగవలసి వచ్చింది. గది వెతికిపెట్టింది గైడే, అద్దె మాత్రం మేమే కట్టుకున్నాం. మా బృందంలో మరునాటి ఉదయానికే విమానం ఉన్న దంపతులు కొత్త టికెట్లకు పెట్టిన డబ్బుతో మేమంతా ఇంకో రెండు రాత్రులు ఉండగలిగేవాళ్లం. గుర్రానికి, అదనపు బసకు, మధ్యాహ్న భోజనాలకు కలిపి తలకు 5,000 రూపాయలు విడిగా ఉంచుకోవడం, నగదు జోషీమఠ్‌లోనే తీసుకోవడం మంచిది.

వానలో నడవలేని పెద్దవాళ్లతో వెళ్లేవారు సెప్టెంబర్‌ను ఎంచుకోవచ్చు. పూలు తగ్గుముఖం పడతాయి కానీ వానలు వెనకపట్టి ఆకాశం తేటపడుతుంది, చుట్టూ ఉన్న మంచు శిఖరాలు కనిపిస్తాయి. నిండుగా పూసిన లోయనే చూడాలనుకునేవారికి మాత్రం ఆగస్టు మొదటి రెండు వారాలకే, ఇదే సంస్థను, ఇదే గైడును సూచిస్తాను. అయితే ఆరు రోజులకు బదులు ఏడు రోజులకు ధర చెప్పమని, వాడుకోని రోజు డబ్బు వెనక్కి ఇస్తారో లేదో రాతపూర్వకంగా ఇమ్మని ముందే అడగండి.