2జేజెడ్-జీటీఈ హెడ్‌లో కొత్త వాల్వులు: చాలాకాలం నడిపాక సమీక్ష

ముందుగా తేల్చి చెప్పాల్సింది ఒకటుంది. టర్బో ఇంజన్ హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండి వాల్వులు అమరే భాగం) కట్టేటప్పుడు వాల్వులకని పక్కన పెట్టిన డబ్బులో పెద్ద వాటా పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు పోవాలి. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపు మంచి స్టెయిన్‌లెస్ వాల్వు ఉంటే సరిపోతుంది. చాలామంది పన్నెండూ పన్నెండూ ఒకే రకం కొనేస్తారు, లేదా గుర్రాలు (హార్స్‌పవర్) పెరుగుతాయన్న ఆశతో ఇన్‌టేక్ వాల్వుల సైజు పెంచుతారు. ఇంజన్ మళ్ళీ విప్పినప్పుడు పాడై కనిపించేవి మాత్రం దాదాపు ఎప్పుడూ ఎగ్జాస్ట్ వాల్వులే.

ఈ సమీక్ష టొయోటా 2జేజెడ్-జీటీఈ మీద. 3 లీటర్లు, ఆరు సిలిండర్లు, 24 వాల్వులు, ఒకే పెద్ద టర్బో. రోడ్డు మీదా ట్రాక్ మీదా వాడకం. ఇన్‌టేక్‌లో వేసినవి 33.5 మి.మీ. తల ఉన్న 21-4ఎన్ స్టెయిన్‌లెస్ వాల్వులు, నల్లటి నైట్రైడ్ పూతతో. ఎగ్జాస్ట్‌లో వేసినవి 29 మి.మీ. తల ఉన్న, ఇంకోనెల్ 751 అనే నికెల్ మిశ్రమం వాల్వులు. రెండింటికీ స్టెమ్ (వాల్వు కాడ) 6 మి.మీ. సైజు కంపెనీ ఇచ్చినదే, పెంచలేదు. గైడ్లు (స్టెమ్ జారే గొట్టాలు) మాంగనీస్ బ్రాంజ్.

ఇంకోనెల్ ఎందుకంటే, వాల్వు మూసి ఉన్నప్పుడు తలలోని వేడిలో సుమారు ముప్పాతిక వంతు సీటు (మూసినప్పుడు వాల్వు ఆనే వలయం) గుండానే హెడ్‌లోకి దిగుతుంది. మిగతాది స్టెమ్ నుంచి గైడుకి పోతుంది. టర్బో ఇంజన్‌లో బూస్ట్ (టర్బో గాలిని నొక్కి పంపే ఒత్తిడి) ఎక్కువసేపు నిలిస్తే సీటు లాగేసే వేడి కన్నా వచ్చే వేడే ఎక్కువవుతుంది. 21-4ఎన్‌లో 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్, దానికి తోడు మాంగనీస్, నైట్రోజన్ ఉంటాయి. సాధారణ వాడకానికి ఇది చాలా మంచి లోహం. కానీ బాగా ఎర్రబడితే బలం తగ్గుతుంది. అప్పుడు స్ప్రింగు స్టెమ్‌ని పైకి లాగుతూ ఉంటుంది, తల అంచు సీటు మీద ఆగిపోతుంది, మధ్య భాగం కొద్దికొద్దిగా సాగిపోతుంది. వాల్వు తల లోపలికి గుంటపడి ట్యులిప్ ఆకారానికి వస్తుంది. ఇంకోనెల్‌లో నికెల్ ప్రధాన లోహం, ఆ వేడిలోనూ గట్టిగా నిలబడుతుంది. టర్బోకి ముందు కొలిచిన ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటి నిలిచే వాడకం ఉంటే ఇంకోనెల్ తప్పనిసరి అనుకోండి. అప్పుడప్పుడూ ఒక్కసారి గట్టిగా తొక్కే రోడ్డు కారైతే 21-4ఎన్ ఎగ్జాస్ట్ వాల్వు కూడా నమ్మకంగా పనిచేస్తుంది.

సాగుతున్న సంగతి ఇంజన్ విప్పకుండానే ట్యాపెట్ గ్యాప్ (వాల్వుని నొక్కే క్యామ్‌కీ దాని కింది షిమ్‌కీ మధ్య సందు) చెబుతుంది. 2జేజెడ్‌లో వాల్వు పైన బోర్లించిన బకెట్ అనే గిన్నె మీద షిమ్ (సందు సర్దే పలచటి బిళ్ళ) ఉండే అమరిక కాబట్టి కొలవడం తేలిక. చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ గ్యాప్ 0.15 నుంచి 0.25, ఎగ్జాస్ట్ 0.25 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండాలి. వాల్వు సాగినా, సీటు అరిగి వాల్వు లోపలికి దిగినా స్టెమ్ పైకొస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. కొత్తగా కట్టిన హెడ్‌లో మొదట్లో 0.02, 0.03 మి.మీ. తగ్గడం సహజం, అది సీటూ ఫేసూ (వాల్వు తలలో సీటుకి ఆనే భాగం) ఒకదానికొకటి కుదురుకోవడం. ఆ తర్వాత ఆగిపోవాలి. ఈ సెట్‌లో ఎగ్జాస్ట్ వైపు అలాగే ఆగింది, తర్వాతి కొలతల్లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) అదే పట్టు చూపించింది. ఒకటి రెండు వాల్వుల్లో మాత్రమే గ్యాప్ తగ్గుతూ పోతుంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ని అనుమానించండి. పెట్రోలు తక్కువ పడి మిశ్రమం పలచనై ఆ ఒక్క సిలిండరే వేడెక్కుతుండవచ్చు. కొత్త వాల్వు వేసినంత మాత్రాన అది తీరదు.

సాగిందా, సీటు అరిగిందా తేల్చాలంటే కట్టేరోజే ప్రతి వాల్వు పొడవూ టిప్ (స్టెమ్ పై కొన) నుంచి ఫేస్ దాకా కొలిచి, సిలిండర్ నంబరుతో రాసి పెట్టుకోవాలి. విప్పినప్పుడు పొడవు పెరిగి ఉంటే వాల్వు సాగింది. పొడవు మారకుండా గ్యాప్ మాత్రమే తగ్గితే అరిగింది సీటు. ఈ కాగితం లేకపోతే తర్వాత అన్నీ ఊహలే.

విప్పి చూస్తే ఇంకోనెల్ ఫేసు మీద అక్కడక్కడా సన్నటి చుక్కల్లాంటి గుంటలు కనిపించాయి. సీటు పట్టీని అడ్డంగా దాటినవి లేవు, కాబట్టి లీకు లేదు. స్టెమ్‌ని మైక్రోమీటరుతో మూడు చోట్ల కొలిస్తే లెక్కలోకి వచ్చే అరుగుదల లేదు. నైట్రైడ్ స్టెమ్ మీద గైడు కింది భాగంలో పూత మెరిసే పట్టీలా నునుపెక్కింది కానీ ఊడలేదు. అరిగింది గైడ్లే: ఎగ్జాస్ట్ గైడు కింది చివర కొద్దిగా వెడల్పైంది. అది ఏ వాల్వుతోనైనా జరిగేదే. అక్కడ వేడీ ఎక్కువ, పక్కకు తోపూ ఎక్కువ.

గైడు గ్యాప్ (స్టెమ్‌కీ గైడుకీ మధ్య సందు) విషయంలో చాలామంది బిగుతుకే మొగ్గు చూపుతారు, అది ప్రమాదం. 6 మి.మీ. స్టెమ్‌కి ఇన్‌టేక్‌లో 0.025 నుంచి 0.050, ఎగ్జాస్ట్‌లో 0.040 నుంచి 0.065 మి.మీ. పరిధిలో ఉంచితే మంచిది. 21-4ఎన్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది, ఇంకోనెల్ అంతకంటే తక్కువ. అందుకే 21-4ఎన్ ఎగ్జాస్ట్ వేస్తే పై అంకె దగ్గరగా, ఇంకోనెల్ అయితే మధ్యలో పెట్టొచ్చు. ఇంజన్ వేడెక్కాక స్టెమ్ గైడులో పట్టేసిందంటే వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది, పిస్టన్ వచ్చి దాన్ని కొడుతుంది. మరీ వదులైతే నూనె తాగుతుంది, వాల్వు ఊగి సీటు గుండ్రతనం పోతుంది. పూత లేని స్టెయిన్‌లెస్ స్టెమ్‌ని పాత పోతఇనుము గైడులో వేయకండి, రెండూ గీరుకుంటాయి. క్రోమ్ పూతో నైట్రైడో ఉండాలి.

పని వరుస కూడా ముఖ్యం. ముందు వాల్వులు చేతికి రావాలి, ఆ తర్వాతే గైడ్లని ఆ వాల్వుల కొలతకి హోన్ చేయాలి (లోపల సన్నగా రుద్ది సరిచేయాలి), ఆ పైన గైడు రంధ్రాన్ని ఆధారంగా చేసుకుని సీట్లు కోయాలి. వరుస తప్పితే సీటు కేంద్రం గైడుతో కలవదు, ఎంత గ్రైండింగ్ పేస్టు రుద్దినా వాల్వు ఒకవైపే ఆనుతుంది. సీటు కోణం 45 డిగ్రీలు, పైన 30, కింద 60. వెడల్పు ఇన్‌టేక్‌లో 1.0 నుంచి 1.2 మి.మీ., ఎగ్జాస్ట్‌లో 1.4 నుంచి 1.6 మి.మీ. గాలి బాగా పారుతుందని ఎగ్జాస్ట్ సీటుని కూడా సన్నగా కోసేవాళ్ళున్నారు. టర్బో ఇంజన్‌కి అది చేటు. వేడి దిగే దారిని సన్నగా చేస్తే ఎంత ఖరీదైన లోహమైనా కాలిపోతుంది. ఆనే పట్టీ ఫేసు అంచుకి మరీ దగ్గరగా కూడా ఉండకూడదు, బయట కనీసం 0.4 మి.మీ. వదలాలి. ప్రష్యన్ బ్లూ (ఆనిన గుర్తు చూపే నీలం రంగు) పూసి, వాల్వుని తిప్పకుండా ఒక్కసారి మెల్లగా తట్టి తీస్తే పట్టీ ఎక్కడుందో, చుట్టూ తెగకుండా ఉందో కళ్ళకి కనిపిస్తుంది.

సీటుని లోతుగా కోయడంలో ఒక లెక్క మరచిపోతారు. 45 డిగ్రీల సీటు నుంచి 0.1 మి.మీ. పొర తీస్తే వాల్వు సుమారు 0.14 మి.మీ. పైకొస్తుంది. పాత సీట్లని రెండోసారి కోస్తే షిములు పలచనివి వెతుక్కోవాలి. అప్పుడు కొందరు టిప్ అరగదీస్తారు. నైట్రైడ్ వాల్వుల్లో ఆ పూత చాలా పలచన. టిప్ మీద విడిగా గట్టి ముక్క అతికించి ఉంటే కొద్దిగా గీకొచ్చు, లేకపోతే కింది మెత్తటి లోహం బయటపడి కొట్టుడికి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అలాంటప్పుడు కొత్త సీట్లు వేయించడమే సరైన పని.

ఇక ఈ తరహా వాల్వుల్లో నచ్చనివి. ఒకే పెట్టెలో వచ్చిన వాల్వుల పొడవుల్లో తేడా ఉంది. ఇరవై నాలుగింటికీ షిమ్ లెక్క కట్టడానికి అది అదనపు పని పెట్టింది. కోలెట్ (స్ప్రింగు పైన ఉండే బిళ్ళని, అంటే రిటైనర్‌ని, స్టెమ్‌కి పట్టి ఉంచే ముక్క) గాడి అంచులు పదునుగా ఉన్నాయి. స్టెమ్ మీద ప్లాస్టిక్ తొడుగు పెట్టకుండా నూనె సీలు దించితే దాని పెదవి చిరుగుతుంది, తర్వాత నీలం పొగ వస్తే నింద పిస్టన్ రింగుల మీద పడుతుంది. కొన్ని పాత కోలెట్లు కొత్త గాడిలో నిండుగా కూర్చోలేదు. కాబట్టి కోలెట్లు, రిటైనర్లు, వాల్వులు ఒకే తయారీదారు నుంచి తీసుకోవడం మేలు. 7 డిగ్రీల కోలెట్‌ని 10 డిగ్రీల రిటైనర్‌లో పెట్టారంటే అంచు మీదే ఆనుతుంది, వాల్వు ఊడి సిలిండర్‌లో పడే అవకాశం ఉంది.

పెట్టె తెరవగానే చేయాల్సిన తనిఖీ: స్టెమ్‌ని వి-బ్లాకుల మీద పెట్టి తిప్పుతూ డయల్ గేజ్‌తో ఫేసు వంపు చూడండి, 0.03 మి.మీ. దాటితే వెనక్కి పంపండి. మార్జిన్ (ఫేసు పక్కన తల అంచు మందం) ఇన్‌టేక్‌లో 1 మి.మీ., ఎగ్జాస్ట్‌లో 1.3 మి.మీ. కన్నా తక్కువ ఉండకూడదు, పలచని అంచు ముందుగా ఎర్రబడి మండుతుంది. తలకి అయస్కాంతం పెట్టండి. 21-4ఎన్, ఇంకోనెల్ రెండింటికీ అది అంటుకోదు, అంటుకుంటే మీకు అమ్మింది వేరే ఉక్కు. స్టెమ్ పైభాగానికి అంటుకుంటే రెండు లోహాల్ని రాపిడితో అతికించిన వాల్వు అని అర్థం. అది తప్పేమీ కాదు, చాలా కంపెనీ వాల్వులు అలాగే వస్తాయి, కానీ ఒకే ముక్క అని చెప్పి అమ్మితే నమ్మకండి.

సైజు పెంచడం గురించి. 33.5 బదులు 34.5 వేస్తే తల వైశాల్యం సుమారు 6 శాతం పెరుగుతుంది. కానీ వాల్వు అంచు సిలిండర్ గోడకీ పక్క వాల్వుకీ దగ్గరై, తక్కువ లిఫ్టులో (వాల్వు కొద్దిగా తెరుచుకున్నప్పుడు) గాలి చుట్టూ సమానంగా పారదు. సీట్ల మధ్య వంతెన సన్నబడి, వేడికి అక్కడే పగుళ్ళు మొదలవుతాయి. టర్బో ఇంజన్‌లో ఆ 6 శాతాన్ని కొద్దిపాటి బూస్టే ఇచ్చేస్తుంది. బూస్ట్ లేని, ఎక్కువ ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజన్‌లో, పోర్టులు (హెడ్‌లోని గాలి దారులు) కూడా చెక్కించినప్పుడు ఈ ఖర్చు సమంజసమే.

టైటానియం బరువు ఉక్కు కన్నా దాదాపు 40 శాతం తక్కువ, స్ప్రింగుకి పని తగ్గుతుంది. అయితే మెత్తటి రాగి మిశ్రమం సీట్లు, టిప్ మీద గట్టి టోపీ కావాలి. పూత పోతుంది కాబట్టి ఫేసు మళ్ళీ గ్రైండ్ చేయకూడదు, పేస్టుతో రుద్దకూడదు. తరచూ విప్పి మార్చే రేసు ఇంజన్‌కే అది పనికొస్తుంది.

ఏ వాల్వు వేసినా, క్యామ్ లిఫ్టు మారితే పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య దూరం కొలవాల్సిందే. పిస్టన్ మీద మెత్తటి మట్టిముద్ద పెట్టి, హెడ్ గాస్కెట్‌తో సహా బిగించి రెండు చుట్లు చేత్తో తిప్పి, విప్పి ముద్దని కోసి మందం చూడండి. స్టీలు కనెక్టింగ్ రాడ్లతో ఇన్‌టేక్‌కి 2.0, ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. ఉండాలి. పక్కల కూడా, అంటే పిస్టన్ గుంట గోడకీ వాల్వు అంచుకీ మధ్య, 1.3 మి.మీ. దాకా కావాలి. సైజు పెంచినవాళ్ళు మరచిపోయేది దీన్నే.

సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులు కూడా మంచివే. లోపలి సోడియం 98 డిగ్రీల దగ్గర కరిగి స్టెమ్‌లో పైకీ కిందికీ ఊగుతూ తలలోని వేడిని గైడుకి మోస్తుంది, అందుకే వాటికి గైడు బాగుండాలి. పాతవి తీసినప్పుడు మాత్రం స్టెమ్ కోయకండి, పంచ్‌గా మార్చుకుందామని గ్రైండ్ చేయకండి, పగిలినవాటిని నీళ్ళ దగ్గర పెట్టకండి. సోడియానికి నీరు తగిలితే మంటలు లేస్తాయి, పేలుతుంది. పొడి డబ్బాలో వేసి, పైన సోడియం వాల్వులని రాసి, అలాంటి లోహాల్ని తీసుకునే చోట అప్పగించండి.