మూడు శీతకాలాలు వాడాక మా ఫైర్‌ప్లేస్: చిక్కంతా డ్యాంపర్‌తోనే

మేము కొన్న ఇంట్లో కట్టెలు కాల్చే ఇటుకల ఫైర్‌ప్లేస్ ముందునుంచే ఉంది. మాలో ఎవరికీ దానిని వాడిన అనుభవం లేదు. మూడు శీతకాలాలు గడిచాక దానిమీద నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే, అయితే అది చిన్నది కాదు. పొగగొట్టం గొంతులో ఉండే డ్యాంపర్ అనే ఇనుప పలక తెరిచి ఉందో మూసి ఉందో బయటినుంచి తెలుసుకునే వీలు లేదు. దానిని కదిపే పిడి మీద ఒక గీత గాని, బాణం గుర్తు గాని లేవు.

మొదటిసారి వెలిగించక ముందే పొగగొట్టాలు శుభ్రం చేసే నిపుణుడిని పిలిపించాము. ఆయన లోపలికి కెమెరా పంపి చూసి, పైన ఇరుక్కున్న పాత పక్షిగూటిని, గోడలకు పట్టిన క్రియోసోట్‌ను తొలగించారు. పచ్చి కట్టెల పొగ చల్లబడినప్పుడు పేరుకునే ఈ తారులాంటి పూత అంటుకుంటే పొగగొట్టమే తగలబడుతుంది కనుక, తేమ 20 శాతానికి మించని ఎండు కట్టెలే వాడాలని, ఏటా తనిఖీ చేయించాలని చెప్పారు. మా పిడిని వెనక్కి నెడితే పలక తెరుచుకుంటుందని ఆయన చూపించగానే అక్కడ ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకున్నాను. పలక బిగువుగా మూసుకుంటుందని కూడా ఆయన అన్నారు. మంట వేయని రోజుల్లో చలిగాలి గదిలోకి దిగకపోవడంతో ఆ బిగువు గురించి మొదటి శీతకాలమంతా నేను బంధువులకు గొప్పగా చెప్పాను.

ఆ మెప్పును కొంత వెనక్కి తీసుకోవలసి వచ్చింది. రెండవ శీతకాలంలో ఒక రాత్రి పదకొండు గంటలకు పొయ్యిలో బూడిద తప్ప మరేమీ కనిపించలేదు. మంట లేదు, పొగ లేదు, వాసన కూడా లేదు. గదిలోని వేడి పైకి పోతుందన్న ఆలోచనతో డ్యాంపర్ మూసి పడుకున్నాను. కాసేపటికి పక్కగదిలో ఉన్న అమ్మ తలనొప్పిగా ఉందంటే, పగటి అలసట అనుకున్నాము. రెండున్నరకు నడవాలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మోగింది. అమ్మను పట్టుకుని అందరమూ బయటికి వచ్చి, అగ్నిమాపక సిబ్బందికి ఫోను చేశాము. వారు వచ్చి గాలిని కొలిచి, తలుపులు కిటికీలు తెరిచి, బూడిదను కదిపితే అడుగున నిప్పులు ఎర్రగా మెరుస్తున్నాయి. నివురు గప్పిన నిప్పు పొగ లేకుండానే ఈ వాయువును వదులుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని, మూసిన పలక దానిని పైకి పోనివ్వక గదిలోకి మళ్లించిందని వారు వివరించారు. అమ్మ మర్నాటికి కోలుకుంది. ఆ రాత్రిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

కట్టెల పొయ్యిలో గ్యాస్ మంట అమర్చినప్పుడు, డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా దానికి ఒక క్లాంపు బిగిస్తారు. కట్టెలు కాల్చేవారికి అలాంటి రక్షణ లేదు, మన జాగ్రత్తే దిక్కు. ఇప్పుడు మేము రాత్రి డ్యాంపర్ ముట్టుకోము. మర్నాడు బూడిదను అడుగుదాకా కదిపి, ఎక్కడా వెచ్చదనం లేదని తేల్చుకున్నాకే మూస్తాము. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో వేసి ఇంటికి దూరంగా ఉంచుతాము, ఎందుకంటే అందులో నిప్పు రోజుల తరబడి బతికి ఉండవచ్చు. రాత్రంతా తెరిచి ఉంచడం వల్ల గది చల్లబడే మాట నిజమే, దానికి మేము సిద్ధపడ్డాము.

ఇంత జరిగినా దీనిని మూసివేయాలని నాకు అనిపించలేదు. మాకు వేరే హీటింగ్ ఉంది, వారానికి ఒకటి రెండు సాయంత్రాలే దీనిని వెలిగిస్తాము, పగలు ఇంట్లో ఉండి బూడిద చూసేవారూ ఉన్నారు. ఇంటికి ఇదొక్కటే వేడి ఆధారమైనా, పొద్దున్నే అందరూ పనులకు వెళ్లిపోయే ఇల్లైనా, నేను దీనిని ధైర్యంగా వాడమని చెప్పలేను. అలారాలను మాత్రం ఇప్పుడు ప్రతి పడకగది దగ్గరా పెట్టించాము, అమ్మ గది ముందు మొదట.