విజయనగరంలో ట్రాకు కృష్ణుడు, ఆమదాలవలస దగ్గర అసలు కృష్ణుడు

పద్యనాటకానికి టిక్కెట్టు కొనే ముందు నిర్వాహకులకి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "హార్మోనియం వాయిస్తారా, పెన్‌డ్రైవ్ పెడతారా?" అవతలివాడు నసిగితే డబ్బులు జేబులోంచి తీయకండి. ఈ ప్రశ్న ఖరీదు మాకు 2,188 రూపాయలు పడింది. లాడ్జి ఖర్చు వేరు, దాని సంగతి తర్వాత చెప్తాను.

పలాస నుంచి నలుగురం బయల్దేరాం. నాన్న, నేను, మా ఆవిడ, మా బామ్మర్ది. నాన్న కుర్రతనంలో ఊళ్ళో నాటక సమాజంలో ధర్మరాజు వేషం కట్టినాయన. మన ఉత్తరాంధ్ర మనిషి పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి దగ్గర నుంచి చూసిన తరం. ఇంట్లో ఎవరైనా టీవీలో పాటల పోటీ పెడితే లేచి వీధిలోకి వెళ్ళిపోతాడు. అలాంటాయనకి "విజయనగరంలో రాయబారం, భారీ సెట్టింగులు, ప్రముఖ కళాకారులు" అని పోస్టరు చూపించి మా బామ్మర్ది ఆశ పెట్టాడు. ఫోన్లో టిక్కెట్లు కూడా వాడే తీశాడు. ఒక్కోటి 500, దాని మీద సేవా రుసుము అని 47. ఎవరికి ఏం సేవ చేశారో ఇప్పటికీ తెలీలేదు.

ప్యాసింజరు రైల్లో నలుగురికీ కలిపి రెండొందల లోపే అయిపోయింది. కిటికీ పక్క సీట్లు దొరికాయి. ప్రయాణం గురించి అంతకంటే చెప్పేదేం లేదు.

లాడ్జి గురించి మాత్రం చాలా ఉంది. ఫోన్లో ఏసీ గది 1,400 అన్నాడు, నాలుగో మనిషికి పరుపు 300. కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి "పెళ్ళి ముహూర్తాలండి, 1,800" అన్నాడు. మరి ఫోన్లో అన్నమాటో అంటే, "ఫోన్లో మాట్లాడింది మా తమ్ముడండి" అని నవ్వాడు. ఆధార్ జిరాక్సు తలకి 10. గదిలోకి వెళ్ళాక ఏసీ ఉంది, రిమోటు లేదు. కిందకి దిగి అడిగితే రిమోటుకి 200 డిపాజిట్టట. "ఏవండీ, రేపు స్విచ్చికి కూడా డిపాజిట్టు అడుగుతాడేమో ముందే కనుక్కోండి" అంది మా ఆవిడ. వేడినీళ్ళు పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా, అదీ కుర్రాడు బకెట్లో తెచ్చిస్తే. వాడి చేతిలో 20 పెట్టకపోతే ఆ బకెట్టు పై అంతస్తుకి ఎక్కదు. అన్నిటికంటే మండింది ఏంటంటే, గోడ మీద "24 గంటల చెక్ అవుట్" అని ఎర్రక్షరాలతో బోర్డు. మేం దిగింది మధ్యాహ్నం రెండింటికి. మర్నాడు తొమ్మిదికల్లా తలుపు కొట్టి ఖాళీ చెయ్యమన్నాడు. బోర్డు చూపిస్తే "అది పాత బోర్డండి" అన్నాడు. ఎర్రరంగు ఇంకా మెరుస్తోంది. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టుపక్కల బసలు చాలా ఉన్నాయి. ఫోన్లో ఖాయం చేసుకోకుండా నేరుగా వెళ్ళి, గది చూసి, రిమోటు చేతిలో పడ్డాకే డబ్బు కట్టండి.

ఇక నాటకం. హాలు గేటు దగ్గర బల్ల వేసుకుని ఒకాయన అవే 500 టిక్కెట్లు 200కి ఇచ్చేస్తున్నాడు. జనం రాలేదు మరి. మా బామ్మర్ది ముఖం చూడాలి! ఆ క్షణం నుంచి ఆ రాత్రంతా వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. లోపల ముందు మూడు వరసల సోఫాలు అతిథులకి. మా సీటు నంబర్లు కాగితం మీద రాసి అంటించిన ప్లాస్టిక్ కుర్చీలు, సరిగ్గా సౌండు బాక్సు ముందు. ఆరింటికన్నారు. ఆరు నుంచి ఏడూ నలభై దాకా సన్మానాలు. శాలువా కప్పేవాళ్ళు ఎక్కువ, కప్పించుకునేవాళ్ళు ఇంకా ఎక్కువ. నాన్న ఓపిగ్గా కూర్చున్నాడు. తెర లేస్తే చాలు ఆయనకి.

తెర లేచింది. ద్వారక సెట్టింగు నిజంగా బాగుంది, కాదనను. దీపాలు, పొగ, వెనక తెర మీద కదిలే సముద్రం, అన్నీ కుదిరాయి. పక్కన హార్మోనియం పెట్టుకుని ఒకాయన, తబలా ముందు ఇంకొకాయన. కృష్ణుడు మేలుకుని మొదటి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఖంగుమని హాలంతా నిండింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. రెండో పాదంలో తెరిచి, ముందుకి వంగి, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏట్రా ఇది? ఆడి ఎడం చెయ్యి సూడు."

చూశాను. అది చేతి హార్మోనియం. వాయించేవాడు కుడిచేత్తో మెట్లు నొక్కుతూ ఎడం చేత్తో వెనక తిత్తి ఆడించాలి, లేకపోతే గాలి ఉండదు, చప్పుడు రాదు. ఈయన ఎడం చెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది. తిత్తి మూసి, కొక్కెం పెట్టి ఉంది. సంగీతం మాత్రం వస్తోంది!

"మరి పాడతన్నది ఎవుడు?" అన్నాడు నాన్న, కాస్త గట్టిగానే.

ఎవరో ఎక్కడో ఎప్పుడో పాడి రికార్డు చేసింది. కృష్ణుడు పెదాలు కదుపుతున్నాడు. అర్జునుడూ అంతే. మాటలు మాత్రం నేరుగా చెప్తున్నారు. అందులో దుర్యోధనుడు వేసినాయన మాటల్లో దమ్ముంది, ఆయన్ని పాడనిచ్చి ఉంటే ఎలా ఉండేదో. ఇంతలో వెనక వరసలోంచి ఓ పెద్దాయన అలవాటు కొద్దీ "వన్స్ మోర్" అని అరిచాడు. ఈ నాటకం రాసిన తిరుపతి వెంకట కవుల పద్యాలు కంఠతా వచ్చిన జనం మనది. నచ్చిన పద్యం మళ్ళీ పాడించుకోకుండా ముందుకి కదలనివ్వరు. కృష్ణుడు అటు చూసి దణ్ణం పెట్టాడు. కానీ ట్రాకు ఆగదు కదా, తర్వాతి పద్యం మొదలైపోయింది. చేతులు జోడించి ఉండగానే ఆయన నోరు తెరవాల్సి వచ్చింది. హాల్లో సగం మంది నవ్వారు. నాన్న నవ్వలేదు. నాటకం అయ్యేదాకా కుర్చీలోంచి కదల్లేదు, బయటికొచ్చాక చెప్పుల కోసం వెతుకుతూ "సెట్టింగు బాగుంది" అన్నాడంతే. మా బామ్మర్ది ఇంకా కుంగిపోయాడు.

సెట్టింగుల కోసం గొంతు చంపుకోనక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళున్నారు. మాయలూ మంత్రాలూ పొగలూ తాళ్ళూ అన్నీ వాళ్ళ చేతుల మీదే నడుస్తాయి, పద్యం కూడా వాళ్ళ నోటే వస్తుంది. 500 పెట్టగలిగినవాళ్ళు వాళ్ళ నాటకం ఎక్కడ పడితే అక్కడికి వెళ్ళండి.

మర్నాడు ఊరు చూశాం. కోట, గంటస్తంభం, పైడితల్లమ్మ గుడి, గురజాడ వారి ఇల్లు, అన్నీ నడక దూరాల్లోనే, ఖర్చు టీలకి తప్ప లేదు. 1892లో కన్యాశుల్కం మొదట ఆడింది ఈ ఊళ్ళోనే. అలాంటి ఊళ్ళో పెన్‌డ్రైవ్ నాటకం చూపించారని నాన్న గొణుగుడు. మహారాజా సంగీత కళాశాల దగ్గర మాత్రం ఆయన కాళ్ళు ఆగిపోయాయి. 1919లో విజయరామ గజపతి పెట్టింది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల ఇక్కడ చదువుకుంటూ జోలె పట్టి, ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకునే మధూకరంతో పొట్ట నింపుకున్నాడని మా ఆవిడకి నాన్న చెప్తున్నాడు. లోపల ఎవరో పిల్ల వయొలిన్ మీద వర్ణం సాధన చేస్తోంది. చిట్టస్వరంలో ఒకే చోట తప్పుతోంది, మళ్ళీ మొదలెడుతోంది. అరగంట నిలబడ్డాం. టిక్కెట్టు లేదు, సన్మానం లేదు, తప్పైనా సరే అది ఆ పిల్ల చేతిలోంచే వస్తోంది. నాన్న ముఖం అప్పుడు తేలికపడింది.

ఆమదాలవలస దగ్గరున్న ఊళ్ళో మా మేనత్త ఉంది. ఆ రాత్రి వాళ్ళ ఊళ్ళో అమ్మవారి సంబరం, నాటకం పెట్టారని ఫోన్ వచ్చింది. అదీ రాయబారమే. మా బామ్మర్ది "మళ్ళీ అదేనా బావా" అన్నాడు. శ్రీకాకుళం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకి స్త్రీ శక్తి కింద బస్సు ఉచితం కాబట్టి మా ఆవిడ ఆధార్ చూపించి సున్నా టిక్కెట్టు తీసుకుంది. నాన్నకి వయసు రాయితీ 25 శాతం. నిండా కట్టింది నేనూ బామ్మర్దీ. శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి దగ్గర దిగి టిఫిను, అక్కడి నుంచి షేర్ ఆటో.

మేనత్త పెట్టిన భోజనం గురించి రాయకపోతే అన్యాయం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, చిన్న చేపల పులుసు, గట్టి పెరుగు. ముందురోజు రాత్రి హోటల్లో నలుగురికీ 640 ఇచ్చి తిన్నది భోజనమే కాదని అప్పుడు అర్థమైంది. "నాటకానికెల్తారు కదా, కూసింతే తినండర్రా, నిద్దరొస్తాది" అంటూనే మూడోసారి వడ్డించింది.

పదిన్నరకి తెర లేచింది. పందిరి, పాత పరదాలు, రెండు వైపులా ట్యూబులైట్లు. చాప వేసుకుని కూర్చోవడమే. కుర్చీ కావాలంటే అద్దె 20, నాన్నకొకటి తీసుకున్నాం. ఇక్కడ కాలి హార్మోనియం. ఆయన పాదాలు పెడల్ మీద ఆగకుండా ఆడుతుంటే నాన్న ముందు అవే చూశాడు, తర్వాతే స్టేజీ చూశాడు. ఇద్దరు కృష్ణులు. కృష్ణుడు నిద్ర లేచే పడక సీనుకి ఒకాయన, రాయబారం సీనుకి ఇంకొకాయన. ఇద్దరి శ్రుతీ ఒకటి కాదు. రెండో ఆయన రాగానే హార్మోనిస్టు ఏం అడగకుండా మెట్టు మార్చేశాడు.

మొదటి కృష్ణుడికి అరవై దాటి ఉంటాయి. పొట్ట మీద పట్టుపంచె జారిపోతోంది, ఒక చెవి కుండలం లేదు. కానీ అర్జునుణ్ణి పలకరించే పద్యం ఎత్తుకుని, చివర రాగం తీస్తూ పైకి, ఇంకా పైకి వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం నిలబెట్టి వదిలాడు చూడండి! "వన్స్ మోర్" అని ఒక మూల, "మళ్ళీ మళ్ళీ" అని ఇంకో మూల. మళ్ళీ పాడాడు, మొదటిలాగా కాదు, దారి మార్చి. అది విన్న మా బామ్మర్ది, ఫోన్లో వీడియో తీస్తున్నవాడు, ఫోన్ జేబులో పెట్టేశాడు.

అంతా బాగుందని చెప్పను. మైకు గంటకోసారి కూతపెట్టింది. చదివింపులు ఒకటే గోల. సీను మధ్యలో ఆపి "ఫలానా వారి అల్లుడు గారు అర్జున పాత్రధారికి 116" అని చదవడం, అర్జునుడు గాండీవం పక్కన పెట్టి దణ్ణం పెట్టడం. కొందరు నాలుగు పాదాల పద్యానికి ఐదు నిమిషాల రాగం తీస్తారు, అర్థం ఎక్కడో పోతుంది. ధర్మరాజైతే రాగంలోనే తెల్లవార్చేలా ఉన్నాడు. మా ఆవిడ ఒంటిగంటకి మేనత్త ఒళ్ళో పడుకుని, ద్రౌపది గొంతుకి లేచి, మళ్ళీ పడుకుంది. అయినా నాన్న లేచి వెళ్ళి కృష్ణుడికి 116 చదివించాడు. పెన్షన్ డబ్బులని మా ఆవిడ నిద్రలోనే సణిగింది.

నాలుగున్నరకి అయింది. బడి వరండాలో వేషాలు తీస్తుంటే నాన్న నన్ను లాక్కెళ్ళాడు. ఆ పెద్ద కృష్ణుడు బెంచీ మీద కూర్చుని కొబ్బరినూనె గుడ్డతో నీలం రంగు తుడుచుకుంటున్నాడు, పక్కన స్టీలు గ్లాసులో మిరియాల పాలు. ట్రాకు సంగతి చెప్తే కోప్పడలేదు. "కుర్రాళ్ళకి గొంతు నిలబడ్డానికి పదేళ్ళు పడద్ది బాబూ, అన్నాళ్ళు ఎవులు పోషిస్తారు?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

లెక్క చూస్తే విజయనగరం నాటకానికి 2,188, ఇక్కడ కుర్చీకి 20, చదివింపు 116, టీలకి 40. డబ్బు పెట్టకుండా చూడాలనుకునేవాళ్ళు మాఘం నుంచి సంబరాల ఊళ్ళు కనుక్కోండి. తెలిసినవాళ్ళు లేకపోయినా చాప పట్టుకెళ్తే ఎవరూ కాదనరు. పట్టణంలోనే చూడాలంటే నాటక పరిషత్తులు పెట్టే పోటీలు చూడండి, ప్రవేశం మామూలుగా ఉచితం. ప్రభుత్వం పెట్టే నంది నాటకోత్సవాల్లోనూ అంతే, పద్యనాటకం అక్కడ ఒక విభాగం. పోటీ కాబట్టి ఎవరూ సన్మానాలతో రెండు గంటలు తినరు. ఎక్కడైనా హార్మోనియం ఉన్న వైపే కూర్చోండి, సౌండు బాక్సు ముందు మాత్రం వద్దు.

వచ్చే వేసవిలో మా వీధి అమ్మవారి పండగకి నాటకం పెట్టాలని నాన్న కమిటీ వాళ్ళ వెంట పడ్డాడు. పెద్ద కృష్ణుడి ఫోన్ నంబరు ఆయన జేబులో ఉంది. కమిటీలో కుర్రాళ్ళు సెట్టింగుల నాటకం కావాలంటున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడతాడనుకున్న మా బామ్మర్ది, మైకు సెట్టు మాత్రం కొత్తది పెట్టించండి, మిగతాది మావయ్య చెప్పినట్టే కానివ్వండి అన్నాడు. ఓట్లు ఇంకా వెయ్యలేదు.