పాత జాకెట్ల నూగు, వాడింగ్ తుక్కుతో కుట్టిన దిండ్లు: 4 ఏళ్లు వాడాక

రోజువారీ వాడకంలో పెట్టిన దిండ్లు మూడు. ఒకటి అచ్చంగా డౌన్‌తో, అంటే బాతు రొమ్ము మీద ఈకల కింద పెరిగే మెత్తని నూగుతో నింపింది. రెండోది స్లీపింగ్ బ్యాగులు, రజాయిలు కుట్టగా మిగిలిన పాలియెస్టర్ వాడింగ్, అంటే లోపల పరిచే దూదిలాంటి పొర, ముక్కలతో నింపింది. మూడోదానిలో నడిమిన వాడింగ్ ముక్కలు, పైనా కిందా నూగు. నూగంతా చిరిగిన, జిప్పు పోయిన జాకెట్ల నుంచి తీసిందే. నాలుగేళ్ల తర్వాత కూడా పడక మీద ఉన్నది మూడోదొక్కటే. మళ్లీ కుట్టాల్సి వస్తే అదే కుడతాను, చివర్లో చెప్పే ఒకటి రెండు మార్పులతో.

అచ్చ నూగు దిండు ఎందుకు ఓడిపోయిందో లెక్క వేస్తే తెలుస్తుంది. నూగు పొంగును ఫిల్ పవర్‌తో కొలుస్తారు. 600 ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు, సుమారు 28 గ్రాముల నూగు 600 ఘనపు అంగుళాల జాగా నింపుతుంది. మన కొలతలో గ్రాముకు దాదాపు 350 మిల్లీలీటర్లు. 16×24 అంగుళాల దిండు ఓ మాదిరిగా పొంగితే లోపల 16 లీటర్ల చోటు ఉంటుంది. అంటే 46 గ్రాములకే దిండు నిండుగా కనిపిస్తుంది. కానీ ఫిల్ పవర్‌ని కొలిచేటప్పుడు పైన పెట్టే బరువు చాలా తక్కువ. మనిషి తల నాలుగున్నర, అయిదు కిలోలు ఉంటుంది. తల ఆనగానే నూగు పక్కలకు తప్పుకుంటుంది, చెవి పరుపుకు తగులుతుంది. తల నిలవాలంటే ఆరున్నర రెట్లు, అంటే 300 గ్రాములకు తగ్గకుండా కూరాలి. పల్చటి జాకెట్‌లో దొరికేది 70 నుంచి 100 గ్రాములు. మూడు, నాలుగు జాకెట్లు విప్పితే గానీ ఒక్క దిండు కాదు. అంత కూరినా తెల్లారేసరికి తల కింద గుంట పడుతుంది, రోజూ పొద్దున్నే రెండు చేతులా దులిపి పొంగించాలి. హంసతూలికా తల్పం అని కథల్లో విన్న మెత్తదనం మాత్రం నిజం. ఆ మెత్తదనం చెంపకు కావాలి, మెడకు ఆసరా కావాలి. ఈ రెండూ ఒకే సరుకు ఇవ్వదు.

వాడింగ్ ముక్కల దిండు ఇంకోలా చెడింది. మొదటి మూడు నెలలు బాగుంది. ఆరో నెలకు లోపల నిమ్మకాయంత ఉండలు తగిలాయి, ఏడాదికి అవి నారింజంత అయ్యాయి. తప్పు సరుకుది కాదు, కత్తెరది. క్లైమాషీల్డ్ లాంటి షీటు వాడింగ్‌లో పోగు తెగకుండా ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా సాగుతుంది, అందుకే అది జాకెట్లో జారదు, ఉండ కట్టదు. దాన్ని అంగుళం ముక్కలుగా నరికితే ఆ గుణం పోతుంది. తెగిన పోగుల కొసలు తల కదిలినప్పుడల్లా ఒకదానికొకటి చుట్టుకుంటాయి. రజాయిల్లో వాడే మామూలు పొట్టి పోగు వాడింగ్ అయితే ఇంకా తొందరగా ఉండ కడుతుంది. దూది ఏకినట్టు ఏకి నింపితే మొదట బాగా పొంగుతుంది, కానీ ఉండలు కట్టడం ఇంకా ముందే మొదలవుతుంది.

అందుకని మూడో దిండులో ముక్కల్ని నరకలేదు. అరచేయంత కంటే పెద్ద ముక్కలన్నీ ఏరి, అతుకుల మీద అతుకులు పడకుండా ఇటుకలు పేర్చినట్టు పొరలుగా పేర్చాను. ప్రతి మూడు పొరలకూ ఒకసారి దబ్బనంతో నాలుగు మూలలా, నడిమిన ఒకచోట వదులుగా టాకాలు. టాకా బిగిస్తే అక్కడ గుంట పడుతుంది, వేలు దూరేంత వదులు ఉండాలి. మొత్తం 320 గ్రాములు, 14×22 అంగుళాల మామూలు కాటన్ సంచిలో. చిన్న చిన్న పేలికల్ని మూలల్లో కూరడానికి మాత్రమే వాడాను, తల ఆనే చోట అవి లేవు.

దీని మీద, కింద ఒక్కో నూగు పలక. ఒక్కోటి 16×24 అంగుళాలు, అడ్డంగా రెండు కుట్లు వేసి మూడు అరలు చేసింది. అరకు 23 గ్రాముల చొప్పున పలకకు సుమారు 70, రెండిటికీ కలిపి 140 గ్రాములు. అరలు లేకుండా ఒకే సంచిగా వదిలేస్తే నూగంతా వారంలో మూలలకు చేరుతుంది. రెండు పలకల్నీ మూడు వైపులా కలిపి కుట్టి, నాలుగో వైపు నుంచి నడిమి సంచిని దోపి, చేతికుట్టుతో మూశాను. ఇక్కడ మిషన్ కుట్టు వేయకూడదు, ఆ వైపు మళ్లీ విప్పాల్సి వస్తుంది.

గుడ్డ విషయంలో రాజీ పడితే మిగతా పనంతా వృథా. నూగు మామూలు కాటన్‌లోంచి బయటికి వస్తుంది. చారల పరుపు గుడ్డ అన్నీ ఒకలాంటివి కావు. దట్టమైన కేంబ్రిక్ కావాలి, ఒక పక్క వేడి రోలర్ కింద నొక్కడంతో నిగనిగలాడుతుంటుంది. కొనేచోటే పరీక్ష చేయొచ్చు: గుడ్డను నోటికి ఆనించి గట్టిగా ఊదాలి. అవతల అరచేతికి గాలి ధారగా తగిలితే వద్దు. 44 అంగుళాల పన్నాలో మీటరున్నర సరిపోతుంది. జాకెట్ నైలాన్ గుడ్డనే మళ్లీ వాడుకోవచ్చని అనిపిస్తుంది, నేనూ ఒక పలక దానితోనే కుట్టాను. కుట్లు విప్పిన చోట నైలాన్‌లో సూది రంధ్రాలు పూడవు. దీపానికి ఎదురుగా పట్టి చూస్తే వరస వరసలుగా చుక్కలు కనిపిస్తాయి, ప్రతి చుక్క లోంచీ తెల్లని పోగొకటి మొలకలా తల బయటపెడుతుంది. నెలలో ఆ పలక విప్పేసి కేంబ్రిక్‌తో మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

సూది 11వ నంబరు. టైలర్లు మామూలుగా వాడే 14, 16 నంబర్లు పెద్ద కన్నాలు పెడతాయి. పాలియెస్టర్ దారం, అంగుళానికి పది కుట్లు. కుట్టు మరీ దగ్గరైతే గుడ్డ స్టాంపు అంచులా చిల్లులు పడి అక్కడే చిరుగుతుంది. గుండు సూదులకు బదులు బట్టల క్లిప్పులు పెట్టాలి. అంచు మడిచి రెండో కుట్టు వేసి, నింపే ముందే కుట్టు వెంబడి లోపలి వైపు తేనెమైనం రుద్దాలి. నూగు కారడం గుడ్డలోంచి కంటే కుట్టులోంచే ఎక్కువ.

జాకెట్ కొనేటప్పుడో, ఎవరైనా ఇచ్చినప్పుడో లేబుల్ చూడాలి. అమెరికా నుంచి వచ్చేవాళ్లు వదిలేసి వెళ్లే జాకెట్లలో మంచి నూగు దొరుకుతుంది. 80/20 అంటే 80 పాళ్లు నూగు, 20 పాళ్లు ఈక. చలికాలంలో మన ఊళ్లలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల్లో పొంగుగా కనిపించేవన్నీ నూగువి కావు. లేబుల్ లేకపోతే వేళ్ల మధ్య నలిపి చూడండి, అక్కడక్కడా సన్నని కాడలు తగిలితే పక్షి సరుకు. అనుమానం తీరకపోతే చిటికెడు తీసి బయట, గాలికి ఎదురుగా కాకుండా, కాల్చండి. నూగు వెంట్రుక కాలిన వాసన వేసి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసవుతుంది.

వాడింగ్‌నూ ఇన్సులేషన్ అనే అంటారు. ఇన్సులేషన్ తుక్కు అనగానే చేతికి దొరికిందల్లా నింపేవాళ్లున్నారు కాబట్టి ఒక మాట. ఏసీ డక్టుల చుట్టూ, షెడ్ల కప్పుల కింద వాడే గ్లాస్ ఊల్, రాక్ ఊల్ ముక్కలు ఏ గుడ్డలో చుట్టినా దిండుకు పనికిరావు. ఆ గాజు, రాతి పోగులు చర్మానికి గుచ్చుకుంటాయి, కళ్లు, గొంతు మండిస్తాయి. ఫ్రిజ్ తలుపుల్లోని పఫ్ ఫోమ్ నలిగి పొడవుతుంది. దిండులోకి వెళ్లాల్సింది బట్టల్లో, పక్కబట్టల్లో వాడే వాడింగ్ మాత్రమే.

నూగు మార్చే పని బాత్రూములో చేయాలి, తలుపు, కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, ముక్కుకి మాస్కు కట్టుకుని. నూగును తక్కెడలో పోసి తూచడం కుదరదు, ఊపిరి విడిస్తే లేచిపోతుంది. జాకెట్‌ను ముందు తూచి, ఖాళీ చేస్తూ మళ్లీ మళ్లీ తూస్తే తగ్గిన బరువే దిండులోకి వెళ్లిన నూగు. ఒకేసారి జాకెట్‌లో ఒక్క అర మాత్రమే, దాన్ని ఒక కొసన మూడు అంగుళాలు కత్తిరించి, ఆ మూతిని దిండు అర మూతిలోకి దోపి, చుట్టూ క్లిప్పులు పెట్టి, వెనక నుంచి టూత్‌పేస్టు పిండినట్టు నెట్టాలి. చేతులకు, గుడ్డకు అంటుకుంటుంటే స్ప్రే సీసాతో గాల్లోకి రెండు సార్లు నీళ్లు కొడితే చాలు. నూగు మీదే కొడితే ముద్ద కడుతుంది. గట్టి కాడ ఉన్న ఈకలు చేతికి తగిలితే అప్పుడే ఏరెయ్యాలి. తర్వాత అవే గుడ్డను పొడుచుకుని వస్తాయి. అలా వచ్చిన ఈకను పైకి లాగితే కన్నం పెద్దదై దాని వెంట నూగు కారుతుంది. గుడ్డ వెనక నుంచి రెండు వేళ్లతో కాడ పట్టి లోపలికే లాగి, కన్నం ఉన్న చోట గోటితో గుడ్డను రుద్దితే పోగులు మళ్లీ దగ్గరవుతాయి.

ఇక వాడకం. కుట్టిన కొత్తలో ఎత్తు 6 అంగుళాలు, తల ఆనితే మూడున్నర. ఏడాదికి ఆ మూడున్నర మూడుకు దిగింది. ఉతికి ఆరబెట్టాక మూడుంపావు దాకా తిరిగొచ్చింది. నాలుగో ఏట రెండుంముప్పావు. నూగు పలకలు దాదాపు మొదటిలాగే ఉన్నాయి, అణిగింది నడిమి వాడింగే. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు ఈ ఎత్తు చాలదు, వెల్లకిలా పడుకునేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

మన ఇళ్లలో ఈ దిండుకు అసలు శత్రువు తలనూనె. కొబ్బరినూనె గలీబు దాటి, కేంబ్రిక్ దాటి నూగుకు పట్టిందంటే పొంగు పోతుంది, నూగు పిలకలు పిలకలుగా అతుక్కుంటుంది, కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. ఒక్క గలీబు చాలదు. లోపల జిప్పు ఉన్న దట్టమైన కాటన్ తొడుగు, దానిపైన మామూలు గలీబు. లోపలిది నెలకు రెండుసార్లు, పైది వారానికోసారి ఉతికితే చాలు. తలంటుకుని జుట్టు ఆరకుండా దీని మీద పడుకోవద్దు.

రెండో శత్రువు గాలిలో చెమ్మ. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా ఇబ్బంది లేదు. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో నూగు అణిగే ఉంటుంది, ఎండ పొడ తగిలిన రోజు రెండు గంటలు ఆరేస్తే లేస్తుంది. మే నెలలో ఏసీ లేని గదికి ఇది వద్దు. నూగు పనే వేడిని పట్టి ఉంచడం, చెంప చెమటలు పడుతుంది. ఆ రోజులకు బూరుగు దూది దిండే చల్లన. బూరుగు దూది చవక, కానీ కొన్నేళ్లకు పోగు పెళుసై పొడి రాలుతుంది, అణిగాక ఉతికి లేపే వీలు లేదు. ఏసీ గదికి, లంబసింగి, అరకు చలికి, చలిదేశాల్లో ఉండేవాళ్లకు నూగు దిండుకు సాటి లేదు.

ఉతకడం ఏడాదికి ఒక్కసారే, ఏప్రిల్‌లో. నడిమి సంచిని ముందు బయటికి తీసేయాలి. పట్టు, ఉన్ని బట్టలు ఉతికే లిక్విడ్ రెండు మూతలు వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లకు. మామూలు డిటర్జెంట్ నూగు మీది సహజమైన జిడ్డును లాగేస్తుంది, దాంతో నూగు పెళుసవుతుంది. పిసకకూడదు, పిండకూడదు, అరచేతులతో నొక్కాలి. నురగ పూర్తిగా పోయేదాకా నాలుగైదు నీళ్లు మార్చాలి. తీసేటప్పుడు ఒక మూల పట్టి ఎత్తితే తడిసిన నూగు బరువుకి అరల కుట్లు తెగుతాయి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలి. ఎండలో మూడు రోజులు, రెండు గంటలకోసారి ముద్దల్ని వేళ్లతో విడదీస్తూ. డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో రెండు మూడు గంటలు, లోపల మూడు టెన్నిస్ బంతులు వేసి. ఆరిందని అనిపించాక ఇంకో రోజు ఆరేయాలి. ముక్కుకి ఆనించి పీలిస్తే తడిసిన కోడి వాసన రవ్వంత ఉన్నా లోపల తడి ఉన్నట్టే, అలాగే గలీబు తొడిగితే బూజు పడుతుంది.

మళ్లీ కుడితే మార్చేవి రెండు. పలకల కింది అరకు 23 బదులు 28 గ్రాములు పెడతాను, మెడ ఆనేది అక్కడే. నడిమి సంచిలో పొట్టి పోగు రజాయి ముక్కల్ని పూర్తిగా మానేసి షీటు వాడింగే పేరుస్తాను, 320కి బదులు 380 గ్రాములు. పాత దిండుకు ఆ రెండో పనిలో బరువు పెంచడం వరకు ఈ మధ్యే చేశాను: చేతికుట్టు విప్పి, సంచి లాగి, అణిగిన పొరల్ని తీయకుండా వాటి మీదే 60 గ్రాముల కొత్త ముక్కలు పేర్చి టాకాలు వేసి, మళ్లీ దోపి కుట్టేసరికి గంటన్నర పట్టింది. తల ఆనినప్పటి ఎత్తు మూడుంపావుకు వచ్చింది.