"పీపీఈ బిగినర్స్ సెట్" కొనబోతున్నారా? కాస్త ఆగండి

పీపీఈ అంటే ఇక్కడ ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్. ఆన్‌లైన్‌లో ఈ పేరుతో మూడు పుస్తకాల బాక్సు ఒకటి అమ్ముతున్నారు. తత్వశాస్త్రానికి ప్లేటో 'రిపబ్లిక్', రాజకీయాలకు జాన్ స్టూవర్ట్ మిల్ 'ఆన్ లిబర్టీ', అర్థశాస్త్రానికి ఆడమ్ స్మిత్ 'వెల్త్ ఆఫ్ నేషన్స్'. కొత్తవాళ్లకు తేలిక పరిచయం, సంపూర్ణ ప్రతి అని అట్ట మీదే అచ్చువేశారు. డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకున్న మా మేనకోడలి కోసం తెప్పించాం. మీరు మాత్రం తెప్పించకండి.

ముందు స్మిత్ సంగతి. 1776లో వచ్చిన ఆ గ్రంథంలో ఐదు భాగాలుంటాయి. మాకొచ్చిన ప్రతి మూడో భాగంతో ఆగిపోయింది. పని విభజనకు స్మిత్ ఉదాహరణగా చెప్పే గుండుసూదుల కార్ఖానా ఉంది, పదిమంది పని పంచుకుంటే రోజుకు 48,000 సూదులు తయారవుతాయన్న లెక్కా ఉంది. కానీ స్మిత్ అనగానే అందరూ ఎత్తే 'అదృశ్య హస్తం' (ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా తెలియకుండానే సమాజానికి మేలు జరుగుతుందనే భావన) మాట నాలుగో భాగం రెండో అధ్యాయంలో వస్తుంది. పన్నులు ఎలా ఉండాలో చెప్పే నాలుగు సూత్రాలు ఐదో భాగంలో ఉంటాయి. ఆ రెండూ లేని పుస్తకాన్ని 'సంపూర్ణం' అని అమ్మడానికి గుండె ధైర్యం కావాలి.

పోనీ ఉన్న మూడు భాగాలైనా చదవగలమా అంటే అదీ లేదు. పాత ప్రతిని స్కాన్ చేసి, ఎవరూ ఒకసారి కూడా చూడకుండా అచ్చుకొట్టేశారు. పద్దెనిమిదో శతాబ్దపు అచ్చులో ఎస్ అక్షరం చాలాచోట్ల ఎఫ్‌లా కనిపిస్తుంది. కంప్యూటర్ దాన్ని ఎఫ్ అనే చదువుకుంది. దాంతో 'సచ్' కాస్తా 'ఫచ్', 'సమ్' కాస్తా 'ఫమ్' అయ్యాయి. పాత పేజీ నంబర్లు వాక్యాల మధ్యలో ఇరుక్కుపోయాయి. పాపం, పిల్ల తనకే ఇంగ్లిష్ రావట్లేదని టెన్షన్ పడింది.

'రిపబ్లిక్' పది భాగాలూ ఉన్నాయి గానీ అనువాదకుడి పేరు ఎక్కడా లేదు. నెట్‌లో ఉచితంగా దొరికే ప్రతితో పోల్చి చూస్తే అది పంతొమ్మిదో శతాబ్దపు జోవెట్ అనువాదమే. అంచున ఉండాల్సిన అంకెలు తీసేశారు. 1578 నాటి స్టెఫానస్ ముద్రణ పేజీలను బట్టి వేసే ఆ అంకెలతోనే క్లాసుల్లో ప్లేటోను ఉదహరిస్తారు. లెక్చరర్ 'రిపబ్లిక్'లోని "గుహ కథ, 514" అంటే ఈ ప్రతిలో ఎక్కడని వెతుక్కోవాలి? మిల్ ఒక్కడే ఐదు అధ్యాయాలతో సరిగ్గా వచ్చాడు, అక్షరాలు చీమల బారులా ఉన్నా.

ఈ మూడింటికీ కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత ఈ-పుస్తకాల వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చు, దానికి నా అభ్యంతరం లేదు. కానీ 'పరిచయం' అని చెప్పి, ఒక్క పేజీ ముందుమాట, ఒక్క నోట్ కూడా లేకుండా మూలగ్రంథాన్ని అంటగట్టడం మోసమే.

రేటింగ్ చూసి నమ్మకండి. ఆ నాలుగున్నర స్టార్ల కింద రివ్యూల్లో ఫొటోలు తెరిచి చూస్తే అవన్నీ వేరే పబ్లిషర్ పుస్తకాలవి. వేర్వేరు ఎడిషన్ల రివ్యూలు ఒకేచోట కలిసిపోవడం ఆన్‌లైన్ షాపుల్లో మామూలే. లోపలి పేజీల ప్రివ్యూ ఉంటే విషయసూచిక, ఎడిటర్ పేరు, అనువాదకుడి పేరు చూడండి. ప్రివ్యూ లేకపోతే వదిలేయండి.

నిజంగా మొదటి మెట్టు కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి 'పొలిటికల్ థియరీ', 12వ తరగతి మైక్రో, మాక్రో ఎకనామిక్స్ పుస్తకాలు నయం. వాళ్ల వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితం. అచ్చు ప్రతి కొంటే పేజీని వెలుతురుకు పట్టి వాటర్‌మార్క్ ఉందో లేదో చూసుకోండి, వాటికీ నకిలీలు తిరుగుతున్నాయి.

రిటర్న్ అడిగితే "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అన్నారు. మార్చి పంపింది కూడా మూడో భాగంతోనే ఆగింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, డబ్బు ఇంకా రాలేదు. ఈలోగా అదే సెల్లర్ అదే బాక్సుకు అట్ట మార్చి, "సివిల్స్ ఫౌండేషన్ కిట్" అని పేరు పెట్టి, రెండొందలు ఎక్కువకు అమ్ముతున్నాడు.