ట్రౌట్ కోసం తీర్థన్ లోయకు: నెల్లూరులోనే మొదలుపెట్టాల్సిన ప్రయాణం

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో నాలుగు రోజుల కోసం హిమాచల్‌లోని తీర్థన్ నదికి, ట్రౌట్ చేపను ఫ్లై గాలంతో పట్టడానికి వెళ్లేవాళ్లకి మొదటి రెండు రోజులు లైను విసరడం నేర్చుకోవడానికే సరిపోతాయి. మూడో రోజు చేయి కుదురుతుంది, నాలుగో రోజు సాయంత్రం తిరుగు బస్సు. ఆ రెండు రోజుల పని మన ఊళ్లోనే, ప్రయాణ ఖర్చేమీ లేకుండా అయిపోతుంది.

గాలం వేయడం మనకేం కొత్త కాదు. వెదురు కర్ర, బెండు, సీసం గుండు, వానపాము. అయితే ఆ అలవాటే ఫ్లై గాలంలో అడ్డొస్తుంది. మామూలు గాలంలో గుండు బరువు ముందుకు వెళ్తూ దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి పురుగులా కట్టిన బొమ్మ, దానికి బరువే ఉండదు. అందుకే ఇక్కడ లైనుకే బరువు పెడతారు, ఆ బరువును బట్టి దానికో నంబరు ఉంటుంది. 5 నంబరు లైనులో మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతాయి. విసిరేది ఆ బరువునే, ఫ్లై దాని తోకలా వెనకాల వెళ్తుంది. రాయి విసిరినట్టు మణికట్టుతో ఝాడిస్తే లైను కుప్పగా కాళ్ల దగ్గరే పడుతుంది.

సాధనకు పెన్నా ఇసుక తిన్నెలు చూడ్డానికి బాగుంటాయి గానీ, ఇసుక రేణువులు లైను పూతను గీరేస్తాయి, రీలు బ్రేకులో దూరి కరకరలాడతాయి. గడ్డి ఉన్న మైదానమే మేలు. ఇసుకలోనే తప్పదంటే పాత చీర ఒకటి పరిచి దాని మీద లైను పోయండి. కొక్కెం వద్దు, లైను చివర ఎర్ర ఊలు ముక్క అంగుళమంత కట్టండి. 25 అడుగుల దూరంలో పాత సైకిల్ టైరు పడేసి, అందులో ఊలు పడేదాకా విసరండి. రోజుకు అరగంట చొప్పున మూడు వారాలు చాలు. పొద్దున ఏడులోపే ముగించాలి. తర్వాత వచ్చే పడమటి గాలిలో కొత్తవాళ్లకు విసుగు తప్ప ఏమీ రాదు. చేయి కుదిరాక మాత్రం ఆ గాలిలోనే నాలుగు రోజులు చేయండి. తీర్థన్ లోయలో మధ్యాహ్నం దాటితే కింది నుంచి పైకి గాలి ఈడ్చి కొడుతుంది, అక్కడ కర్రను పక్కకు వాల్చి తక్కువ ఎత్తులో విసరడం రాకపోతే పని జరగదు.

విసిరే తీరు గడియారం ముళ్ల లెక్కలో చెప్పుకోవచ్చు. ఎడమకు తిరిగి నిలబడ్డ మనిషిని పక్క నుంచి చూస్తున్నారనుకోండి. కర్ర ముందు వైపు 10 దగ్గర, వెనక వైపు 1 దగ్గర టక్కున ఆగాలి. వెనక ఆగాక లైను పూర్తిగా చాపుకునేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపిక లేకపోతే కొరడా ఝుళిపించినట్టు చప్పుడు వస్తుంది, ఆ చప్పుడుతోనే ఫ్లై తెగి ఎగిరిపోతుంది. కర్ర 3 దాకా వాలిపోతే లైను వెనక నేలకు తగులుతుంది. ముందుకు తోసేటప్పుడు ఒక్కసారిగా బలం పెడితే లైను తనను తానే దాటి, దాని కొనకు కట్టిన సన్న దారంలో చిన్న ముడి పడుతుంది. దాన్ని గాలిముడి అంటారు గానీ గాలి తప్పేమీ లేదు. ముడి పడిన దారం సగం బలానికే తెగుతుంది. పది పన్నెండుసార్లు విసిరాక ఒకసారి దారాన్ని రెండు వేళ్ల మధ్య జార్చి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

నీటి మీద సాధనకు స్వర్ణాల చెరువు ఉంది, కానీ కట్ట మీద నడిచేవాళ్లు ఎప్పుడూ వెనకే ఉంటారు. వెనక చూడకుండా విసిరే చోటు కాదది. రొట్టెల పండుగ రోజుల్లో ఆ ఛాయలకే పోవద్దు. ఇంకాస్త దూరం వెళ్లగలిగితే సంగం, సోమశిల వైపు నీళ్లున్నాయి. ఒంగోలు వాళ్లకు మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు. ఎక్కడైనా ముందు అక్కడి మత్స్యకారుల సంఘాన్ని అడగాలి, చేపల హక్కు వాళ్లది. వలలకు దూరంగా నిలబడి, పట్టినదాన్ని వదిలేస్తామంటే మాట కాదనరు. 12 నంబరు సైజు ఫెజెంట్ టెయిల్ అనే మునిగే ఫ్లై కట్టి మెల్లగా లాగితే జిలేబి చేప, అదే తిలాపియా, బాగానే పడుతుంది. అయితే ట్రౌట్ అలా లాగితే రాదు. ఆ తేడా తర్వాత చెప్తాం.

సామాన్ల విషయానికొస్తే 9 అడుగుల, 5 నంబరు, నాలుగు ముక్కల కర్ర కొనండి. విడదీస్తే రెండున్నర అడుగుల గొట్టంలో పడుతుంది, రైలు బెర్తు కింద ఇమిడిపోతుంది. విమానంలో అయితే కొక్కేలూ కత్తెరా చెక్-ఇన్ సంచిలోనే పెట్టాలి. తేలే లైను, దాని చివర లీడరు, అంటే కొనకు పోనుపోను సన్నబడే 9 అడుగుల దారం, దాని కొనకు రెండడుగుల సన్న దారం. ఈ దారం సైజుకు ఎక్స్ లెక్క ఉంటుంది. 11లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే 6 వెయ్యో వంతులు, అంటే 0.15 మిల్లీమీటర్లు. ఫ్లై నంబరును మూడుతో భాగిస్తే సరిపడే ఎక్స్ తెలుస్తుంది, 16 నంబరు ఫ్లైకి 5ఎక్స్. అంకె పెరిగే కొద్దీ ఫ్లై చిన్నదవుతుంది, దారం సన్నబడుతుంది. దుకాణంలో కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే.

ఫ్లైలు ముప్పై రకాలు అక్కర్లేదు. తేలేవి ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్ 14, 16 సైజుల్లో. మునిగేవి పూస తలతో ఉన్న ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్ అవే సైజుల్లో. నీళ్లు మసకబారితే వేయడానికి 8 సైజు నల్ల ఊలీ బగ్గర్. ఒక్కోటి ఆరు తీసుకెళ్లండి, సగం రాళ్ల కిందా దేవదారు కొమ్మల్లోనూ పోతాయి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడి ముడి బిగించేటప్పుడు పుట్టే రాపిడి వేడికే దారం బలహీనపడి, చేప లాగగానే ముడి దగ్గర తెగుతుంది.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్లు 1900లో కశ్మీరుకు, అక్కడి నుంచి 1909లో కులూకు తెచ్చి వదిలిన బ్రౌన్ ట్రౌట్ సంతతే ఇప్పుడు ఆ నదుల్లో ఉంది. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు, కాబట్టి పెన్నాలో బతికే ప్రశ్నే లేదు. దూరం చూస్తే మనకు దగ్గరివి నీలగిరులూ మున్నారూ. కానీ అక్కడ ట్రౌట్ ఉన్న నీళ్లు చాలావరకు అడవుల్లోనూ తేయాకు తోటల్లోనూ ఉన్నాయి, అనుమతి చేతికొచ్చాకే టికెట్ కొనాలి. కశ్మీరులో నదిని బీట్లుగా విడగొట్టి, ఏ రోజు ఏ బీటో రాసి పర్మిట్ ఇస్తారు. ఆ రోజు ఆ ముక్క నది మీ ఒక్కరికే అన్నమాట. పద్ధతి బాగుంటుంది, ముందస్తు ఏర్పాటు మాత్రం ఎక్కువ. మొదటిసారికి మా ఓటు తీర్థన్‌కే. నది చిన్నది, చాలాచోట్ల మోకాలి లోతులో నడవచ్చు, దాని మీద ఆనకట్ట లేదు, ఊళ్లు ఒడ్డునే ఉన్నాయి.

నెల్లూరు, ఒంగోలు రెండింటిలోనూ ఆగే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ. అక్కడ సాయంత్రం మనాలీ బస్సు ఎక్కి, తెల్లారేసరికి ఔట్ సొరంగం దగ్గర దిగాలి. కండక్టరుకు ఎక్కేటప్పుడే చెప్పి, దిగేముందు మళ్లీ గుర్తుచేయండి. లేదంటే నిద్రలోనే సొరంగం దాటి కులూలో తేలతారు. ఔట్ నుంచి బంజార్ మీదుగా, తీర్థన్ ఒడ్డునున్న గుశైనీ ఊరికి టాక్సీలో గంటన్నర. డబ్బు బంజార్‌లోనే తీసుకోవాలి.

ట్రౌట్ నీళ్లలో చేపల వేట నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నిషేధం, అవి గుడ్లు పెట్టే కాలం. మిగతా నెలల్లోనూ అన్నీ ఒకటి కావు. మార్చి, ఏప్రిల్ మొదటి సగం బాగుంటాయి. మేలో మంచు కరిగి నది బూడిద రంగుకు తిరుగుతుంది, జూలై ఆగస్టుల్లో బురద. మన పిల్లల వేసవి సెలవులకు, ట్రౌట్ వేళలకు పొత్తు కుదరదు. దసరా సెలవులైతే కుదురుతుంది: సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు దాకా నీళ్లు అద్దంలా ఉంటాయి. మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. రోజుకు ఎన్ని, ఎంత పొడవు దాటినవి ఉంచుకోవచ్చో తీసుకునేటప్పుడే అడిగి రాసుకోండి. నదికి ఎగువనున్న గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానంలోకి అడుగుపెడితే నిబంధనలు వేరు.

బసలు మూడు రకాలు. బంజార్‌లో హోటళ్లు చవక, కానీ రోజూ టాక్సీ కావాలి, తెల్లవారుజాము వేట పోతుంది. రోడ్డు పక్కన కొత్తగా లేచిన రిసార్టుల్లో గదులు బాగుంటాయి, రాత్రి పదకొండు దాకా పాటలు మోగుతాయి. వేటకు వెళ్లేవాళ్లకు సరైనవి నది అవతలి ఒడ్డునున్న ఇళ్లు. కొన్నింటికి వంతెన కూడా ఉండదు, ఇనప తాడుకు వేలాడే తొట్టిలో కూర్చుంటే అవతలి నుంచి లాగుతారు. ఇద్దరూ, రెండు సంచులూ ఒక విడత. ముసలివాళ్లను తీసుకెళ్తుంటే ఈ సంగతి ఫోన్లో ముందే అడగాలి. ఇంకో మూడు అడగండి: గది నుంచి నదిలోకి దిగడానికి మెట్లున్నాయా, తడి బట్టలు ఆరేసే చోటుందా, పొద్దున ఆరింటికి టీ ఇస్తారా. భోజనం రాజ్మా, అన్నం, ఆవిరి మీద వండే సిడ్డూ అనే గోధుమ రొట్టె. గోంగూర పచ్చడి సీసా మీరే తీసుకెళ్లాలి.

గైడు మొదటి రోజుకు తప్పక పెట్టుకోండి, చేప ఏ రాయి వెనక ఉంటుందో చూపిస్తాడు. కానీ కొందరు గంట దాటాక తిరిగే మెరుపు బిళ్ల తగిలించిన స్పిన్నింగ్ కర్ర చేతికిస్తారు. చేప పడుతుంది, మీరు వచ్చిన పని కాదు. ఫ్లై మాత్రమే అని ముందే తేల్చండి. అద్దెకిచ్చే కర్రల్లో లైను పగిలి మునిగిపోయేవి ఎక్కువ. కనీసం లైనూ లీడరూ సొంతవి ఉంటే మంచిది.

నీళ్లలో నిలబడ్డాక అసలు సంగతి మొదలవుతుంది. ట్రౌట్ ధారకు ఎదురుగా తల పెట్టి, రాయి ముందో వెనకో ఉండే నిదానపు నీళ్లలో కదలకుండా నిలబడి, కొట్టుకొచ్చే పురుగుల్ని ఏరుకుంటుంది. కాబట్టి మీరు దిగువ నుంచి పైకి నడవాలి, దాని వెనక నుంచి. ఫ్లై ఎగువన పడి, ఏ లాగుడూ లేకుండా కొట్టుకురావాలి. మధ్యలో వేగంగా పోయే ధార లైనును విల్లులా వంచేస్తుంది, ఆ వంపు ఫ్లైని ఈడుస్తుంది, చేప ముఖం తిప్పుకుంటుంది. ఫ్లై పక్కనున్న నురగ బుడగను చూడండి. రెండూ ఒకే వేగంతో వస్తుంటే సరే. ఫ్లై బుడగను దాటిపోతుంటే, ఫ్లై కదలకుండా లైను నడుమును మాత్రం కర్ర కొనతో ఎగువకు తిప్పి పడేయాలి. దీన్నే మెండింగ్ అంటారు. ఈ ఒక్కటీ వస్తే దూరం విసరడం రాకపోయినా ఫరవాలేదు, తీర్థన్‌లో చాలా చేపలు 25 అడుగుల లోపే పడతాయి.

గుండ్రాళ్ల మీద నాచు సబ్బులా ఉంటుంది. రబ్బరు చెప్పులతో దిగొద్దు. ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ) అడుగున్న బూట్లు, చేతికర్ర ఉండాలి. తీర్థన్ దిగి లార్జి దగ్గర బియాస్‌లో కలిశాక మాత్రం నదిలో అడుగే పెట్టొద్దు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది లార్జి డ్యాము నుంచి వదిలిన నీళ్లలోనే. నది ప్రశాంతంగా ఉన్నా డ్యాము కింద అది ఏ క్షణమైనా మారుతుంది.

కొక్కెం మొన వెనకున్న ఎదురు ముల్లును ప్లయరుతో నొక్కేసుకుంటే చేపను నీళ్లలోనే విడిపించొచ్చు. చేయి ముందు తడపాలి. పొడి చేయి దాని జిగురు పొరను తీసేస్తుంది, అక్కడ బూజు పట్టి, వదిలాక చచ్చిపోవచ్చు. తినడానికి ఒకటి ఉంచుకునే అనుమతి ఉంటే వేపుడే చేయించండి. మామిడికాయ వేసి నెల్లూరు పులుసు పెట్టబోతే ఆ మెత్తటి ముక్క గరిటె తగలగానే విరిగిపోతుంది. పులుసుకు మన కొర్రమీనే సరి.